పాత బస్టాండు సెంటర్లో ఏమి ఆగింది?

ఆ సంవత్సరం ఒక యుద్ధం జరుగుతూ ఉండేది. ఏ యుద్ధమో చెప్పవలసిన అవసరం లేదు. పాఠకులు తమ కాలానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు, కొరత ఉండదు.

నేను అప్పుడు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో సబ్ ఎడిటర్ని. విలేకరులు పంపిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో సర్దడం నా పని. ఇరవై ఆరేళ్లు ఆ పని చేశాను. ఆ ఇరవై ఆరేళ్లలో నేను రాసిన సంఘటనల్లో ఒక్కదాన్నీ కళ్లతో చూడలేదు. ఇది ఫిర్యాదు కాదు. కుర్చీకి ఎదురుగా గోడ ఉండేది, అంతే.

యుద్ధం విషయంలో మా పత్రిక నిష్పాక్షికమైనది. ఈ సంగతి మాకు సర్క్యులర్ ద్వారా తెలిసింది. ఎడిషన్ ఇన్‌చార్జి త్రివిక్రమరావు గారు దాన్ని నిలబడి చదివారు.

“యుద్ధం ఒక సంఘటన. సంఘటనకు పక్షం ఉండదు. కనుక దాన్ని ఎంత విస్తృతంగా ప్రచురించినా పక్షపాతం కాదు. యుద్ధం వద్దనడం ఒక అభిప్రాయం. కనుక దాన్ని ఎంత క్లుప్తంగా ప్రచురించినా పక్షపాతమే. అయితే నిరసన కారణంగా ఏదైనా ఆగినట్లయితే, ఆ ఆగడం ఒక సంఘటన. దాన్ని నిరభ్యంతరంగా ప్రచురించవచ్చును.”

నేను ఆ సర్క్యులర్‌ను చాలాసార్లు చదువుకున్నాను. ఎక్కడైనా పగులుందేమోనని తడిమి చూశాను. లేదు, నున్నగా ఉంది. పగులు లేని తర్కాన్ని చూసినప్పుడు సంతోషించాలో భయపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సర్క్యులర్‌కు ఒక నమూనా పత్రం జతచేశారు. నిరసన జరిగిన చోటు, ఆగిన వాహనాల సంఖ్య, ఆగిన నిమిషాలు, చిక్కుకున్న అంబులెన్సు: ఇవీ అందులోని గడులు. అంబులెన్సు గడిలో ‘ఒకటి’, ‘ఒకటికి మించి’ అన్న రెండే ఎంపికలు ఉండేవి. నిరసన దేని గురించో రాయడానికి గడి లేదు. యుద్ధానికి మాత్రం రోజూ రెండు పేజీలు కేటాయించాం. క్షిపణుల పొడవు, బరువు, రంగు, పుట్టిన సంవత్సరం పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఇచ్చినంత శ్రద్ధగా ఇచ్చేవాళ్లం.

ఒక మధ్యాహ్నం నేత చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఒకే ఒక కాగితం ఉంది.

“నమస్కారమండి. నా పేరు సుగుణమ్మ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. యుద్ధం వద్దని రోజూ సాయంత్రం అయిదింటి నుంచి ఆరింటి దాకా పాత బస్టాండు సెంటర్లో తొమ్మిది మందిమి నిలబడుతున్నాం. పది రోజులైంది. మీ పేపర్లో రాలేదు.”

అంతలో ఆవిడ నన్ను చూశారు.

“నువ్వు పరాంకుశానివి కదూ? ఎయిత్ బి. ప్రయోగం చెయ్యకుండానే రికార్డులో రీడింగులు వేసేవాడివి.”

నేను లేచి నిలబడ్డాను. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాటకు కూర్చుని జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.

త్రివిక్రమరావు గారు ఆవిడను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. “ఏమైనా ఆగిందాండీ?” అని అడిగారు.

“ఏం ఆగాలి?”

“ఏదైనా. బస్సు, లారీ. సైకిలైనా ఫరవాలేదు.”

“మేం ఫుట్‌పాత్ మీద నిలబడతాం బాబూ. ఎవరికీ అడ్డం రాం. నినాదాలు కూడా ఇవ్వం. అట్టముక్కలు పట్టుకుని నిలబడతాం.”

త్రివిక్రమరావు గారి ముఖంలో నిజమైన బాధ కనిపించింది. ఆయన చెడ్డవారు కాదు. “అదేనండి వచ్చిన చిక్కు. మీరెవరికీ ఇబ్బంది కలిగించడం లేదు.”

“మేం నిలబడింది యుద్ధం ఆగాలని.”

“అది ఆగితే మొదటి పేజీ, ఎనిమిది కాలమ్‌లు. నా మాట. ఈలోగా చిన్నదేదైనా ఆపి చూపించండి.”

ఆవిడ ఆయన్ని కొంతసేపు చూశారు. క్లాసులో తెలివైన తప్పు జవాబు విన్నప్పుడు అలాగే చూసేవారు. కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అందులో ఆవిడ చేతిరాతతో పదిహేడు పంక్తులున్నాయి. త్రివిక్రమరావు గారు వాటిని చదవలేదు; చదివితే ప్రభావితమయ్యే ప్రమాదం ఉంది. కాగితం తిప్పి, వెనక ఏమైనా ఆగినట్టు రాసి ఉందేమో చూసి, నాకు ఇచ్చారు.

మర్నాడు సాయంత్రం ఆ సెంటర్ విలేకరి అబ్బులు ఫోన్ చేశాడు.

“ఏం ఆగిందయ్యా?” అన్నాను.

“ఏం ఆగలేదండి. ఓ కోడి మాత్రం రోడ్డు మజ్జిలో కాసేపు ఆగిందండి. మళ్లీ అదే ఎల్లిపోయిందండి.”

“నిరసన వల్లేనా?”

“దాన్నడగలేదండి.”

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. దాన్ని గౌరవంతోనే చేశాను. తప్పులు ఎక్కువగా ఆ దారినే వస్తాయని నాకు తర్వాత అర్థమైంది. టీచర్ పేరు ఒక్కసారైనా పత్రికలో రావాలనుకున్నాను. లోపలికి ఒకటే తలుపు ఉంది. ఆ తలుపు వాహనాల కొలతకు చేసింది. నేను నమూనా పత్రం తీసి ‘ముప్పై వాహనాలు, ఇరవై నిమిషాలు, అంబులెన్సు ఒకటి’ అని నింపాను. వార్త చివర, ఎవరి కంటా పడకుండా, ‘యుద్ధం వద్దంటూ’ అన్న రెండు మాటలు చేర్చాను.

పేజీ కడుతున్నప్పుడు ఒక పంక్తి ఎక్కువైంది. ఆ రెండు మాటలూ పోయాయి. టీచర్ పేరూ పోయింది. మర్నాడు పత్రికలో వచ్చినది ఇది: ‘పాత బస్టాండు సెంటర్లో తొమ్మిది మంది నిలబడటంతో ముప్పై వాహనాలు నిలిచిపోయాయి. వాహనదారులు తీవ్ర ఇక్కట్లు పడ్డారు.’ ఎందుకు నిలబడ్డారో లేదు. చదివినవారు బస్సు కోసమని అనుకోవచ్చు.

ఊళ్లోని కేబుల్ చానల్ వారు ఆ సాయంత్రమే అరవై వాహనాలు అన్నారు. త్రివిక్రమరావు గారు నన్ను పిలిచారు.

“సెంటర్ ఒకటే కదండీ. వాళ్లకి అరవై ఆగితే మనకి ముప్పయ్యేమిటి? మన వాళ్లు సరిగ్గా తిరగడం లేదు.”

మర్నాడు మేము నూట ఇరవై రాశాం. వారు రెండు వందలు చెప్పారు. మూడో వారానికి మా సంఖ్య నాలుగు వందలకు, అంబులెన్సులు మూడుకు చేరాయి. అప్పుడు పెద్దాసుపత్రి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఊరు మొత్తానికి ఉన్నవి రెండే అంబులెన్సులనీ, వాటిలో ఒకటి దసరా నుంచి షెడ్డులో ఉందనీ, మూడోది ఏదో తెలియజేస్తే రోగులకు ఉపయోగంగా ఉంటుందనీ దాని సారాంశం.

త్రివిక్రమరావు గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. “పరాంకుశం గారూ, మన పత్రిక అబద్ధం రాయదు.”

“చిత్తం.”

“కాబట్టి మనం రాసింది జరగాలి.”

మరునాటి నుంచి అయిదు గంటలకల్లా పత్రిక తాలూకు వ్యాన్లు మూడూ, సిబ్బంది స్కూటర్లు పద్నాలుగూ పాత బస్టాండు సెంటర్‌కు వెళ్లి ఆగిపోవాలని ఆజ్ఞ అయింది. ఆగిపోవడానికి అక్కడ కారణం లేకపోవడంతో అవి సాఫీగా దాటి అవతలికి వెళ్లిపోయాయి. మళ్లీ చుట్టూ తిరిగి వచ్చాయి. అయిదు చుట్లు తిరిగాక ఒక వ్యాను డ్రైవరు సుగుణమ్మ గారి ముందు బండి నిలిపి అడిగాడని అబ్బులు చెప్పాడు.

“అమ్మా, మేం ఎక్కడ ఆగాలండి?”

“ఎందుకు ఆగాలి నాయనా?”

“మీరు ఆపేశారంటండి. ఆఫీసోళ్లు చెప్పారు.”

“నేనేం ఆపలేదు. దారి ఉంది, వెళ్లు.”

“ఎల్లిపోతే ఒప్పుకోరండి. కాసేపు అడ్డంగా నిలబడండి, మీకు పున్నెం ఉంటది.”

ఆవిడ ఇంకో అడుగు వెనక్కి జరిగి, చెయ్యి ఊపి, బండిని పంపించేశారట. అబ్బులు గొంతులో నిరాశ. “ఆవిడ అసలు సహకరించట్లేదండి.”

ఆ వారమే పోలీసులు సుగుణమ్మ గారిని స్టేషన్‌కు తీసుకువెళ్లారు.

నేను కుర్చీలోంచి లేచి స్టేషన్‌కు నడిచాను. ఎస్సై నూకరాజు బల్ల మీద మా పత్రిక కత్తిరింపులన్నీ తేదీల వారీగా గుచ్చిన ఫైలు ఉంది. నా వాక్యాలను అంత జాగ్రత్తగా దాచుకున్నవారిని అంతకు ముందు ఎరగను. టీచర్ ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

“నూకరాజు గారూ, మీ డ్యూటీ రోజూ ఆ సెంటర్లోనే కదా. అక్కడ బళ్లు ఆగడం మీరు చూశారా?” అన్నాను.

“లేదండి.”

“మరి?”

“నేను చూసింది నా సొంత విషయమండి. పేపర్లో వచ్చింది పబ్లిక్ విషయం. నాలుగొందల బళ్లు ఆగితే నువ్వక్కడ ఏం చేస్తున్నావని పైనుంచి అడిగారు. ఆగలేదంటే నేను గుడ్డోణ్ణి. ఆగాయంటే ఆవిడ దోషి. నాకు పిల్లలున్నారండి.”

దీనిలోనూ నాకు పగులు దొరకలేదు.

ఆవిడ మీద బైండోవర్ కేసు పెట్టారు. అంటే, ఆరు నెలల పాటు శాంతికి భంగం కలిగించనని తహసీల్దారు ముందు బాండు రాసివ్వాలి. రాసిస్తే ఇంటికి వెళ్లవచ్చు. నిరాకరిస్తే జైలుకు పంపవచ్చు. సుగుణమ్మ గారు సంతకం పెట్టనన్నారు.

“శాంతికి భంగం కలిగించనని వందసార్లు రాసిస్తాను పరాంకుశం, అందుకే కదా నిలబడింది. కానీ సెంటర్లో మళ్లీ నిలబడకూడదని కూడా కింద ఉంది. శాంతి కావాలని అంటే శాంతికి భంగమట.”

“అది ఫారంలో అచ్చయిపోయి ఉందండి. నేను చెయ్యగలిగింది లేదు,” అన్నాడు నూకరాజు.

“జైలంటే ఆరు నెలలు టీచర్,” అన్నాను.

“తెలుసు. ఆ మొదటి రోజు ముప్పై బళ్లు ఎవరు లెక్కపెట్టారు?”

“ఆఫీసు.”

“ఆఫీసుకి కళ్లెక్కడుంటాయి?”

కొన్ని ప్రశ్నలు సమాధానం కోసం అడుగుతారు. కొన్ని, అవతలి మనిషి ఎక్కడ ఉన్నాడో కనుక్కోవడానికి. ఆవిడ రెండో రకం అడిగారు. నేను కనబడలేదు.

విచారణ గురువారం. అందాకా ఆవిడ ఇంట్లోనే ఉండాలనీ, సెంటర్ వైపు రాకూడదనీ చెప్పి పంపారు. మిగిలిన ఎనిమిది మందీ రోజూ నిలబడ్డారు. తొమ్మిదో చోటు ఖాళీగా వదిలి నిలబడ్డారు. ఖాళీ చోటు వల్ల అయిదు వందల వాహనాలు ఆగాయని కేబుల్ చానల్ చెప్పింది.

తహసీల్దారు హైమవతి గారు కాగితాన్ని నమ్మే మనిషి. అందుకే దాన్ని జాగ్రత్తగా చదివే మనిషి కూడా. ఆవిడ కత్తిరింపులన్నీ తిరగేసి, సంఖ్యలు కూడి, కళ్లద్దాలు తీశారు.

“ఇరవై రెండు రోజుల్లో అయిదు వేల పైచిలుకు వాహనాలు ఆగాయి. నేను రోజూ అయిదున్నరకి ఆ సెంటర్ మీదుగానే ఇంటికి వెళ్తాను. ఎలా వెళ్లానంటారు?”

“మీరు వెళ్లినట్టు రికార్డు లేదండి మేడం,” అన్నాడు నూకరాజు.

హైమవతి గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తాను ఇంటికి వెళ్లిందీ లేనిదీ తేల్చుకోవలసిన పరిస్థితి ఏ అధికారికైనా బాధాకరమే. “రెవెన్యూ శాఖ వినికిడి మీద నడవదు. స్థల పరిశీలన జరగవలసి ఉంది,” అన్నారు. ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. పత్రికలో ప్రచురితమైన సంఘటనను ప్రచురితమైన విధంగానే యథాతథంగా పునఃప్రదర్శించి, ఆగిన వాహనాలను భౌతికంగా లెక్కించి, నివేదిక సమర్పించవలసినదిగా అందులో ఆదేశించారు.

యథాతథంగా అన్నప్పుడు వాహనాలు నాలుగు వందలు కావాలి. ఎన్నికలప్పుడు బళ్లు రప్పించే పద్ధతిలో మండలంలోని ఆటోలకు, లారీలకు, స్కూలు బస్సులకు నోటీసులు వెళ్లాయి. అంబులెన్సులు మూడు కావాలి. ఒకటి పెద్దాసుపత్రి ఇచ్చింది. ఒకటి పక్క మండలం నుంచి తెచ్చారు. షెడ్డులో ఉన్నదాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు.

శనివారం అయిదు గంటలకు సుగుణమ్మ గారిని, మిగిలిన ఎనిమిది మందితో పాటు, ఫుట్‌పాత్ మీద మునుపటి చోటనే నిలబెట్టారు. చేతికి మునుపటి అట్టముక్కనే ఇచ్చారు. దాని మీద ఉన్న మాటలు సాక్ష్యానికి సంబంధించినవి కావు కనుక వాటి మీద తెల్లకాగితం అంటించారు. మండల సర్వేయరు గొలుసు పరిచి, ఆవిడ ఆక్రమించిన విస్తీర్ణం రెండు చదరపు అడుగులని తేల్చాడు. ఆ రెండడుగులూ ప్రభుత్వ భూమి అని కూడా రాసుకున్నాడు.

సాక్షిగా నన్ను కూడా రమ్మన్నారు. పాత బస్టాండు సెంటర్‌ను అంతసేపు నేను చూడటం అదే మొదటిసారి. దాని గురించి ఇరవై రెండు వార్తలు రాశాను. అక్కడ ఒక చెరుకురసం బండి ఉందన్న సంగతి నాకు తెలియదు.

నాలుగు దారుల నుంచీ నాలుగు వందల వాహనాలు సమయపాలనతో వచ్చాయి. ట్రాక్టరు తాడు తెగి, షెడ్డు అంబులెన్సు సరిగ్గా కూడలి మధ్యలో అడ్డంగా నిలిచిపోయింది. దానితో అన్నీ ఆగాయి. కాలవ వంతెన దాకా ఆగాయి. తహసీల్దారు గారి జీపు వంతెన అవతల చిక్కుకోవడంతో, పునఃప్రదర్శన ప్రారంభించవలసిందన్న ఆదేశం రాలేదు. అందువల్ల అధికారికంగా ఇంకా ఏదీ ఆగలేదు.

“నేను కదలొచ్చా బాబూ?” అని సుగుణమ్మ గారు ఎస్సైని అడిగారు.

“వద్దండి. యథాతథంగా నిలబడాలండి.”

“ఆ అంబులెన్సు అడ్డంగా ఉంది. దాన్ని నలుగురు తోస్తే పోతుంది.”

“అది మీవల్లే ఆగినట్టు లెక్కండి. ముట్టుకోకూడదు.”

ముప్పావు గంట గడిచింది. హారన్ల మోతకు చెరుకురసం బండి గాజు గ్లాసులు వాటంతట అవే మోగుతున్నాయి. నూకరాజు విజిల్ ఊది ఊది కూర్చుండిపోయాడు. చివరకు ఫుట్‌పాత్ దగ్గరకు వచ్చి, టోపీ తీసి, గొంతు తగ్గించాడు.

“టీచర్ గారూ, కాస్త వచ్చి చూద్దురూ.”

“యథాతథంగా కాకుండానా?”

“మీ కాళ్లకి దణ్ణం పెడతానండి.”

ఆరు వందల మంది పిల్లలను ఒకే గేటు గుండా ముప్పై ఏళ్ల పాటు ఇంటికి పంపించిన మనిషి ఆవిడ. కూడలిలోకి వచ్చి, తెల్లకాగితం అంటించిన అట్టముక్కతోనే ఒక దారిని ఆపి, ఒక దారిని వదిలారు. “ఏయ్ లారీ, నిన్ను కాదు, నీ వెనక ఆటోని రానీ. స్కూలు బస్సూ, తొందరెందుకు, లోపల పిల్లలు లేరుగా!” నలుగురు డ్రైవర్లు అంబులెన్సును పక్కకు తోశారు. ఇరవై అయిదు నిమిషాల్లో దారి తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ తిరిగి వెళ్లి, రెండు చదరపు అడుగుల ప్రభుత్వ భూమిలో నిలబడ్డారు.

అబ్బులు ఆనందం పట్టలేక ఆఫీసుకు ఫోన్ చేశాడు. “సార్! నిజంగానే ఆగాయండి! నాలుగొందలండి! నేనే లెక్కెట్టానండి!”

“ఎవరు ఆపారు?” అన్నారు త్రివిక్రమరావు గారు.

“తాసిల్దారు గారండి.”

“ప్రభుత్వం ఆపితే దాన్ని ఏర్పాట్లు అంటారు. వార్త కాదు.”

మర్నాడు లోపలి పేజీలో ‘పునఃప్రదర్శన విజయవంతం’ అని మూడు పంక్తులు వచ్చాయి.

నా సాక్ష్యం సోమవారం. ఆ ఉదయం త్రివిక్రమరావు గారు నాకు కాఫీ తెప్పించారు. “చూశానని చెప్పమనడం లేదండి. అబద్ధం మనకొద్దు. విశ్వసనీయ వర్గాల సమాచారం అనండి, చాలు.”

“ఆ వర్గాలు ఎవరండీ?”

“మీరే.”

నేను ఆ కాఫీ తాగాను. నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. తహసీల్దారు ఆఫీసుకు నడుస్తూ ఉద్యోగాన్నీ టీచర్నీ పక్కపక్కన పెట్టి తూచబోయాను. తూచడం అలవాటైన మనిషి తూచకుండా ఒక్క అడుగు కూడా వెయ్యలేడు. అయితే ఆ రోజు రెండో పళ్లెంలో ఆరు నెలలున్నాయి. అవి నావి కావు.

“ముప్పై వాహనాలు ఆగాయన్న మొదటి వార్త మీరే రాశారా?” అని హైమవతి గారు అడిగారు.

“రాశానండి.”

“చూశారా?”

సుగుణమ్మ గారు బెంచీ చివర కూర్చుని, అద్దాలు తుడుచుకుంటున్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే, నేను చెప్పినదానికి ఆవిడ కారణమని తర్వాత అనుకునేవాణ్ణి.

“లేదండి. ఆ రోజు అక్కడ ఆగింది ఒక కోడి. అది కూడా తన సొంత కారణాల వల్ల.”

“మరి ముప్పై ఎక్కడి నుంచి వచ్చింది?”

“గడి ఖాళీగా ఉందండి మేడం.”

గుమస్తా రాయడం ఆపి తలెత్తాడు. హైమవతి గారు ఫైలు మూశారు. తరువాత, ఏ అధికారీ ఇవ్వని తీర్పు ఇచ్చారు.

“ఇరవై రెండు రోజుల ఆటంకానికి సాక్ష్యం లేదు. సుగుణమ్మ గారిని విడిచిపెడుతున్నాం. ఈ ఆఫీసు స్వయంగా లెక్కించిన ఆటంకం ఒక్కటే. నాలుగు వందల వాహనాలు, డెబ్భై నిమిషాలు. అది నా సంతకంతో జరిగింది. చట్టం ఎవరికైనా ఒకటే. ఆ బాండు ఇటివ్వండి.”

“మేడం, సంతకం ఎవరి ముందు పెడతారండీ?” అన్నాడు గుమస్తా.

“తహసీల్దారు ముందు.”

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి ముద్దాయిలు నిలబడేచోట నిలబడి, ఆరు నెలల పాటు శాంతికి భంగం కలిగించననీ, ఆ సెంటర్లో నిలబడననీ బాండు మీద సంతకం చేశారు. మళ్లీ చుట్టూ తిరిగి వచ్చి కూర్చుని, దాన్ని ఆమోదించారు. బయటికి వెళ్లేముందు తనను తాను మందలించవలసి ఉందని గుమస్తా గుర్తుచేశాడు. అదీ చేశారు, క్లుప్తంగా. అప్పటి నుంచి రైల్వే గేటు చుట్టూ తిరిగి ఇంటికి వెళ్తున్నారని విన్నాను.

సుగుణమ్మ గారి విడుదల మా పత్రికలో రాలేదు. ఆ కారణంగా ఏదీ ఆగలేదు.

త్రివిక్రమరావు గారు నన్ను తీసివేయలేదు. “మీరు చూడకపోవడం తప్పు కాదండి, ఎవరం చూస్తాం? చూడలేదని ఒప్పుకున్నారు చూడండి, దానికి మన దగ్గర నమూనా లేదు,” అన్నారు. ఆ నమూనా తయారయ్యే వరకు సెలవులో ఉండమన్నారు.

సెలవు మొదటిరోజు అయిదు గంటలకు నేను పాత బస్టాండు సెంటర్‌కు వెళ్లాను. ఎనిమిది మంది, సుగుణమ్మ గారు. నేను పక్కన నిలబడ్డాను. ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చారు. ఆవిడ అట్టముక్క మీది తెల్లకాగితాన్ని తడి గుడ్డతో తీసేశారు. కింద మాటలు కాస్త చెరిగినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

ఇరవై నిమిషాల తర్వాత ఒక ఆటో మెల్లగా వచ్చి మా ముందు నిలిచింది. డ్రైవరు తల బయటపెట్టి అట్టముక్కను చివరిదాకా చదివాడు. ఇంజన్ ఆపాడు.

“ఏవండీ, మీరు ట్రాఫిక్కోళ్లు కారా అండీ?”

“కాదు నాయనా.”

“నెల్లాళ్ల నుంచీ పేపర్లో చదువుతున్నానండి. శనివారం నన్ను కూడా పట్టుకొచ్చి నిలబెట్టారు. రోడ్డు కావాలని నిలబడుతున్నారేమో అనుకున్నానండి. యుద్ధం గురించా ఇది?”

“అవును. వద్దని.”

వెనక ఒక బస్సు వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి అరిచాడు. “ఆగవయ్యా బాబూ, మాట్టాడుతున్నాం కదా!” మళ్లీ ఇటు తిరిగాడు. “మనం ఇక్కడ వద్దంటే అక్కడ ఆగుద్దా అండీ?”

“ఆగకపోవచ్చు. కానీ మనం వద్దన్నామని తెలియాలిగా.”

“ఎవరికండీ?”

“ముందు నీకు.”

అతను సీటులో సర్దుకుని కూర్చున్నాడు. “సరే చెప్పండి,” అన్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. చెరుకురసం బండి మనిషి గానుగ తిప్పడం మాని ఇటు జరిగాడు. బస్సులోంచి కండక్టరు దిగి, ఏమిటి గొడవ అని అడిగి, ఎవరో చెబితే విని, ఎక్కకుండా అక్కడే నిలబడ్డాడు. బస్సు వెనక లారీ, లారీ వెనక ఇంకేవో చేరుతున్నాయి.

నూకరాజు నోటుబుక్కు తీస్తూ పరుగెత్తుకొచ్చి, నా చెయ్యి పట్టుకున్నాడు.

“పరాంకుశం గారూ, ఈసారి మీరు కళ్లతో చూస్తున్నారు కదండీ. ఎన్ని బళ్లు ఆగాయో చెప్పండి.”

“తెలియదండి,” అన్నాను. “వింటున్నాను.”